దిగేవైపు తలుపు

నిన్న మూత సరిగ్గా పెట్టలేదేమో, ఎర్ర ఎనామిల్ మీద మీగడ కట్టింది. సాలమోను పెరట్లో గొంతుక్కూర్చుని, కొబ్బరి ఈనె కొనతో ఆ మీగడని ఓ పక్కనుంచి మెల్లగా ఎత్తి పారేశాడు. రంగుని అడుగు దాకా కలిపి, బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకుని ఎండలోకి చెయ్యి చాపి చూసుకున్నాడు. ఇంకా పచ్చిగా ఉంది. ఎన్నికల జెండా ఎరుపు వేరు, విమానం కిటికీ ఎరుపు వేరు. నల్లరంగులో ఈనె ముంచి డబ్బాలో రెండు బొట్లు రాల్చి మళ్ళీ కలిపాడు. ఈసారి గోరు మీద చుక్క పండుమిరప రంగుకి దిగింది.

డెబ్భై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉంటాడు. గోడలకి దగ్గరగా నిలబడి నిలబడి మెడ అలా అయిపోయింది. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే ఆ చోట దారం చుట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ పేరుకున్న రంగు ఎన్ని స్నానాలు చేసినా పోదు, పోవాలని అతను పెద్దగా కోరుకున్నట్టూ లేదు. ఈ మధ్య కుడిచెయ్యి వణుకుతోంది. బ్రష్షు గోడకి ఆనించేదాకా వణికి, ఆనించాక ఆగుతుంది. గోడ తగిలితే చాలు అదే సర్దుకుంటుందని ఇంట్లో చెప్పి చూశాడు. ఇంటావిడ నమ్మలేదు. నిచ్చెన ఎక్కొద్దని, ఎక్కినా పైమెట్టు దాకా వెళ్ళొద్దని, అసలు ఈ వయసులో విమానాలేమిటని చద్దన్నం గిన్నె ముందు పెడుతూ మొదలుపెట్టి, సైకిలు వీధి మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉంది. సాలమోను అన్నిటికీ ఆయ్ అన్నాడు.

ఎక్కడైనా పెయింటరంటే ఇళ్ళకి రంగులేసేవాడు. రాజోలు చుట్టుపక్కల లంక ఊళ్ళలో మాత్రం ఒకప్పుడు సాలమోను అంటే విమానాలు వేసేవాడు. ఆ రోజుల్లో ఏ ఇంటినుంచి మనిషి గల్ఫుకి బయల్దేరినా, ఆ మనిషి ఎక్కే విమానాన్ని వసారా పక్కగోడ మీద వేయించుకోవడం ఆచారమైపోయింది. ఆ ఆచారం ఎవరు మొదలుపెట్టారో తెలీదు. మొదటి విమానం తనే వేశానని సాలమోను అంటాడు, కాదనడానికి అప్పటివాళ్ళు ఎవరూ మిగల్లేదు. మనిషి వెళ్ళేటప్పుడు విమానం ముక్కు వీధి వైపు ఉండాలి. ఇంక వెళ్ళను, వచ్చేశాను అని పూర్తిగా తిరిగొచ్చినప్పుడు పాత బొమ్మ గీకేసి, ముక్కు గుమ్మం వైపు తిప్పి మళ్ళీ వెయ్యాలి. వేశాక ఆ మనిషి ముక్కు కింద నిలబడి "వచ్చేను" అనాలి. అన్నాకే ఇంట్లోవాళ్ళు విదేశీ చాక్లెట్ల డబ్బా తెరిచేవారు. వీధిలో నడుస్తూ పోతే ఏ ఇంటి మనిషి ఇంట్లో ఉన్నాడో, ఏ ఇంటి మనిషి ఎడారిలో ఉన్నాడో ఎవరినీ అడక్కుండానే తెలిసిపోయేది. ఆ ఒక్క మాటా అనే మనిషి లేకుండా సాలమోను ఏనాడూ ముక్కు తిప్పలేదు.

పైగా అవి ఎలాంటి విమానాలని! ఎయిరిండియా అంటే ప్రతి కిటికీ చుట్టూ ఎర్రటి తోరణం, రాజుల కోటకి ఉన్నట్టు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తోక నారింజ రంగు. గల్ఫ్ ఎయిర్ తోక మీద బంగారు డేగ, నడుం పొడుగునా వంకాయ రంగు, ఆకుపచ్చ చారలు. కువైట్ వాళ్ళది నీలం పక్షి. సౌదీ వాళ్ళ తోక మీద ఒక చెట్టు ఉండేది. అది ఖర్జూరం చెట్టని సాలమోనుకి ఎవరూ చెప్పలేదు, కోనసీమవాడికి ఆ ఆకారం చూస్తే ఇంకో చెట్టు తట్టదు. అంచేత మలికిపురం దాకా సౌదీ విమానాలన్నిటి తోకల మీదా కొబ్బరిగెలలు వేలాడేవి. జెడ్డాలో పనిచేసి వచ్చినవాళ్ళు కూడా చూసి బాగుందన్నారు.

ఇన్ని విమానాలు వేసినవాడు ఒక్కటీ ఎక్కలేదు, దగ్గరగా చూడనూ లేదు. టికెట్టు పెట్టి ఇచ్చే అట్టల మీద, క్యాలెండర్ల మీద, గల్ఫువాళ్ళు తెచ్చిన పేకముక్కల వెనక ఉన్న బొమ్మలే అతని చదువు. ఒకసారి తనూ వెళ్దామని పాస్‌పోర్టు చేయించుకున్నాడు. ఆ ఏడు ఊరంతా బయల్దేరడంతో గోడల పని ఊపిరాడనివ్వలేదు. అందరినీ ఎక్కించే హడావిడిలో తను ఎక్కడం మరిచిపోయాడని ఇంటావిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఇప్పుడా గోడలు లేవు. కొన్నిటికి టైల్సు వచ్చాయి, కొన్నిటి మీద పుట్టీ పడింది. మనుషులు ఇప్పటికీ వెళ్తున్నారు, వస్తున్నారు, ఫోనులో ఫొటో పెడుతున్నారు. ఆకాశంలో విమానాలు కూడా మునుపటిలా లేవు. మధురపూడి విమానాశ్రయం వైపు పోయేది ఏదైనా కిందగా వెళ్తుంటే సాలమోను సైకిలాపి తలెత్తి చూస్తాడు. ఒళ్ళంతా తెలుపు, తోకకి మాత్రం ఏదో కాస్త రంగు. ఆసుపత్రి గోడకి రెక్కలు పెట్టినట్టుంటుంది. ఆ తెల్లటివాటిని చూసినప్పుడల్లా అతనికి నిజంగానే దిగులు వేస్తుంది. ఆ రంగులన్నీ ఎవరు కడిగేశారో, ఎందుకు కడిగేశారో అతనికి అర్థం కాదు.

ఊళ్ళో మిగిలిన విమానం ఒక్కటే. అది దీనమ్మ ఇంటి వసారాలో ఉంది. రేపు దానిమీద కూడా పుట్టీ పడుతుంది. ఈలోగా, ఈ రోజు పొద్దుగూకేలోగా, దాన్ని తిప్పి పెట్టమని ఆవిడ కబురు పెట్టింది.

దీనమ్మది కాలవగట్టు పక్కన కువైట్ డబ్బుతో కట్టిన చిన్న డాబా. ఆవిడ కొడుకు రాజ్ కుమార్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. అతని కూతురు శారోన్‌కి వచ్చేవారం ప్రధానం. మగపెళ్ళివారు వచ్చేసరికి ఇంటికి రంగులు వేయించాలి. రాజ్ కుమార్ చెడ్డవాడు కాదు. తల్లి గోడ జోలికి ఇన్నేళ్ళూ వెళ్ళలేదు. ఇప్పుడు గోడ పెచ్చులూడుతోంది, తప్పదు. తల్లి కూడా వేయించుకోమంది. కాకపోతే ముందు తన విమానం తిప్పించమంది. రేపు కప్పేసేదాన్ని ఇవాళ తిప్పడమెందుకమ్మా అని కొడుకు అడిగితే, కప్పితే మాత్రం కింద ఉండదేంట్రా అందట.

సాలమోను సైకిలు దిగేసరికి దీనమ్మ వసారాలో మంచం మీద తలగడలకి ఆనుకుని ఉంది. గుండె నీరసించింది. అమలాపురం డాక్టరుగారు ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టండని చెప్పేశారు. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. ముఖం మాత్రం చిక్కిపోయి చిన్నపిల్ల ముఖమంత అయింది. అందులో కళ్ళు ఒక్కటే మునుపటివి.

"రంగు చూపించు సాలమోనూ" అంది.

సాలమోను గోరు చూపించాడు. ఆవిడ కళ్ళు చికిలించి, ముదిరిపోయిందని, తన కిటికీ ఇంకొంచెం లేతదని చెప్పింది. అతను మారుమాట్లాడకుండా మళ్ళీ ఎరుపు కలిపాడు. ఆ కిటికీలోంచి చూసింది ఆవిడ, తను కాదు. కలుపుతూనే అసలు సంగతి అడిగాడు.

"ఎవరొచ్చేరని తిప్పమంటారు వదినగారూ?"

"నేనే."

"మీరొచ్చి చానా ఏళ్ళయిందండి."

"రాలేదు. నా పెట్టె అక్కడే ఉండిపోయింది కదా. పెట్టె రాకుండా నేను వచ్చినట్టెలాగ?"

సాలమోనుకి ఆ పెట్టె సంగతి తెలుసు. భర్త జ్వరంతో పోయాక, రాజ్ కుమార్‌ని తన తల్లి దగ్గర వదిలి, వంటపనికి కువైట్ వెళ్ళింది దీనమ్మ. అప్పటిదాకా కూలికి వెళ్ళి నాట్లు వేసిన మనిషి. బొంబాయిలో విమానం ఎక్కింది. పుట్టాక మొదటిసారి ఆవిడ కూర్చుని ఉంటే ఇంకొకరు పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు. పట్టుచీర కట్టుకున్న అమ్మాయి వంగి, ఇంకేమన్నా కావాలాండీ అన్నట్టు అడిగింది. అదేం భాషో తెలియకపోయినా ఆ అడగడం దీనమ్మ మరిచిపోలేదు. ఆ తరవాత ఏళ్ళ తరబడి ఆవిడే ఇంకో దేశంలో ఇంకొకరి ఇంట్లో అందరికీ వండి వడ్డించింది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడు, పెట్టె వదిలేసి కట్టుబట్టలతో బయటపడింది. ఎడారిలో బస్సుల్లో, లారీల్లో పడి అమ్మాన్ చేరేసరికి విమానాశ్రయం నిండా మనుషులు, ఏడుపులు, అర్థంకాని అరుపులు. దీనమ్మకి చదువు రాదు. అద్దంలోంచి చూస్తే దూరంగా ఎర్ర కిటికీల వరస కనబడింది. అది మనదని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళాలనుకుంది, అందుకే ముక్కు తిప్పొద్దంది. వచ్చే నెల, పై నెల అంటూనే కొడుకు చదువు, తల్లి జబ్బు, కొడుకు పెళ్ళి అన్నీ అయిపోయాయి. రెండు మూడేళ్ళకోసారి సాలమోనుని పిలిచి రంగులు మళ్ళీ వేయించుకునేది గాని, ముక్కు వీధి వైపే ఉండేది. వెళ్ళాలన్న కోరిక డబ్బుకోసం కాదని సాలమోనుకి మొదటినుంచీ అనుమానం. ఆవిడకి మరోసారి ఆ కిటికీ పక్కన కూర్చోవాలని ఉంది. అంతకంటే ఏమీ లేదు.

"మరిప్పుడు పెట్టె మాటేంటండి?" అన్నాడు.

"ఇంక దాంతో పనేముంది?" అంది దీనమ్మ, చాలా మామూలుగా.

సాలమోను రేకుముక్క తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు.

గీకుతుంటే విమానం పొరలు పొరలుగా రాలింది. పైన ఈమధ్య వేసిన ఎరుపు, దానికింద అంతకుముందుది, దానికింద ఇంకా పాతది. అన్నీ తన చేతివే. గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, తెల్లరంగు ఒక పూత వేశాడు. అది ఆరేలోపు శారోన్ తెచ్చిచ్చిన టీ తాగాడు. తరవాత సుద్ద రాసిన దారం ఒక కొస ఆ పిల్ల చేత గోడకి పట్టించి, రెండో కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలాడు. గోడ పొడుగునా తిన్నటి గీత పడింది. శారోన్ నవ్వింది. నిన్నటిదాకా ఆ పిల్లకి ఆ విమానం పెచ్చులూడే గోడ, అంతే. ఇప్పుడు గీత గీసింది కాబట్టి కాలేజీకి సెలవు పెట్టి పక్కనే నిలబడింది.

ఎయిరిండియా గుర్తుగా తోక మీద ఉండే, విల్లు పట్టిన సగం మనిషి సగం గుర్రం బొమ్మని మధ్యాహ్నం భోజనం లోపు పూర్తిచేశాడు. భోజనంలోకి చేపల పులుసు వడ్డించారు. దీనమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చాలంది. తిన్న తరవాత కిటికీలు మొదలుపెట్టాడు. అసలు పని అదే. గుండ్రం కాదు, పైన చిన్న మొన తేలిన తోరణం. సన్నబ్రష్షుతో ఒకటే లాగుడులో ఎడమ కాలు, మొన, కుడి కాలు. చెయ్యి గాలిలో వణికింది, గోడకి ఆనగానే కుదురుకుంది. ఒక్కో కిటికీ అవుతుంటే దీనమ్మ చూపు దానితోపాటు జరిగింది. రెక్క వెనక ఉన్న కిటికీ వచ్చేసరికి, తను కూర్చున్నది అదే అంది. సాలమోను ఆ ఒక్కదానికీ లోపల లేతనీలం వేశాడు.

చివరికి ముక్కు దగ్గర తలుపు వేశాడు. తెరిచి ఉన్న తలుపు, దానికింద ఎర్రగా మెట్లవరస. బడినుంచి వచ్చిన రాజ్ కుమార్ సంచీ భుజానే ఉంచుకుని కాసేపు చూశాడు. బాగుందన్నాడు. మనసారానే అన్నాడు. తరవాత, లెక్కల మాస్టారు కదా, ఊరుకోలేకపోయాడు.

"ఏమనుకోకండి బాబాయ్ గారూ. విమానానికి ఎక్కడమైనా దిగడమైనా ఎడంపక్క తలుపేనండి. కుడిపక్కన జనానికి మెట్లు పెట్టరు."

సాలమోను బ్రష్షు ఆగింది.

అతను తిప్పి వేసిన విమానాలన్నిటికీ తలుపు కుడిపక్కనే ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే ఈ చివర ఎక్కుతాం, గోదావరి దాటాక నరసాపురం వైపు ఆ చివర దిగుతాం. ఎక్కినవైపే దిగడమంటే గోదావరి దాటనట్టే. అట్టల మీద బొమ్మలన్నిటిలోనూ విమానం ఎడంపక్కే కనబడేది. రెండోపక్క ఎలా ఉంటుందో ఏ బొమ్మా చూపించలేదు, అందుకని సాలమోను పంటుని చూసి వేశాడు. ఎంతమంది వాటికింద నిలబడి వచ్చేనన్నారు! అందరూ ఎడంపక్క దిగి వచ్చినవాళ్ళే. ఒక్కరూ చెప్పలేదు. అతనికి చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళ పనీ ఎవరో ముసిముసిగా నవ్వుకుంటూ చూసినట్టనిపించి సిగ్గేసింది. నిచ్చెన దిగి, రేకుముక్క కోసం వెతుక్కున్నాడు. దొరికాక మంచం వైపు తిరిగాడు.

"మీకు తెలుసాండి వదినగారూ?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంటండి?"

దీనమ్మ ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది. "నేను వెళ్ళేనాడు పంటు మీద నా పెట్టె మోసుకొచ్చేవు కదా. భయంతో ఏడుస్తుంటే నువ్వేం చెప్పేవు? విమానమూ ఇలాంటిదే వదినగారూ, ఇటెక్కి అటు దిగడమే అన్నావు. ఆ మాట పట్టుకునే అంత దూరం వెళ్ళేను. అది తప్పని నీతో ఎలాగ చెప్పను?"

రాజ్ కుమార్ సంచీ దించి మంచం పక్కన పెట్టాడు. ఆ మాట ఎందుకన్నానా అనుకుంటున్నట్టు అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"గీకకు" అంది దీనమ్మ. "అటే ఉంచు. నేను దిగేది ఇంక అటే."

కొడుక్కి అర్థమైంది. సాలమోనుకీ అర్థమైంది. సాలమోను రేకుముక్క కింద పెట్టి, బ్రష్షు తీసుకుని, ఆ మెట్లకి రెండో పూత వేశాడు. ఇంత శ్రద్ధగా అతను పెళ్ళిళ్ళప్పుడు వేసే గోడలకి కూడా వెయ్యలేదు.

ఎండ కొబ్బరితోట వెనక్కి దిగుతుండగా పని అయింది. తండ్రీకూతుళ్ళు చెరో పక్కా పట్టుకుని దీనమ్మని లేపి ముక్కు కింద నిలబెట్టారు. నిలబడలేక ఆవిడ గోడకి చెయ్యి ఆనించింది. వేలు సరిగ్గా తలుపు గడప మీద పడింది.

"తడి ఉందండి" అన్నాడు సాలమోను.

ఆవిడ వినిపించుకోలేదు. "వచ్చేను" అంది. గట్టిగా అనలేకపోయింది గాని వసారాలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. చాక్లెట్లు లేవని శారోన్ లోపలినుంచి పటికబెల్లం ముక్కలు తెచ్చి పంచింది. దీనమ్మ ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, మంచం మీద వాలి, ఎర్రగా అయిన వేలిని దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. కిరోసిన్‌తో తుడుస్తానని సాలమోను అంటే, ఉండనిమ్మంది. పొద్దున్న చూసుకుందామంది.

ఆ సాయంత్రం సాలమోను సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ ఇంటికెళ్ళాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. వేసినవన్నీ తప్పులేనని ఇంటావిడకి తనే చెప్పాడు, ఆవిడ నమ్మలేదు.

దీనమ్మ తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. చర్చి గంట విని సాలమోను వెళ్ళేసరికి వాకిట్లో మనుషులు చేరారు. పుట్టీ వేసేవాళ్ళు బస్తాలతో వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. రాజ్ కుమార్ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, సమాధి తరవాత చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయ్యాక కబురు చేస్తానని, ఆ పక్కగోడ సంగతి అప్పుడు మాట్లాడుకుందామని చెప్పి పంపేశాడు. సాలమోను వసారా అరుగు చివర కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనన్న ఊహ కూడా లేకుండా ఏడ్చాడు. పెరట్లో ఆడవాళ్ళు దీనమ్మకి స్నానం చేయిస్తున్నారు.

కాసేపటికి శారోన్ వచ్చింది. వేలి మీద రంగు సబ్బుకి పోవడం లేదని, శుభ్రం చేసే పంపాలని పెద్దవాళ్ళు అంటున్నారని చెప్పింది. సాలమోను సంచీలోంచి ఉతికిన తెల్లగుడ్డ ఒకటి తీసి, కిరోసిన్‌లో తడిపి, పిండి, మడిచి ఇచ్చాడు. గట్టిగా రుద్దొద్దని, చర్మం పల్చనిదని చెప్పాడు. ఆ పిల్ల ఆయ్ అని తీసుకెళ్ళింది.

తిరిగొచ్చినప్పుడు దాని కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తుడవలేదండి తాతగారూ. నేనే వద్దన్నాను. అలాగే వెళ్ళనివ్వండని చెప్పేను."

గుడ్డని అతని పక్కన పెట్టి లోపలికెళ్ళింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఎండ ముదరకముందే దీనమ్మని ఎత్తుకుని వసారాలోంచి, విమానం పక్కనుంచి వీధిలోకి తీసుకెళ్ళారు. సాలమోను లేచి అందరితోపాటు వెనక నడిచాడు. అరుగు చివర ఆ తెల్లగుడ్డ మడత పెట్టినట్టే ఉంది, దానిమీద ఎర్రమరక ఒక్కటీ లేదు.